కాలువ గట్టు మీద

మా బళ్లారి ప్రాంతం చదునైన నల్లరేగడి నేల. పరుగుకు అనువైనది. సిరుగుప్ప వైపు తుంగభద్ర దిగువ కాలువ గట్టున తెల్లవారి పరుగెత్తడం నాకిష్టం. ఒక పక్క నీరు, ఒక పక్క వరిమళ్లు, మళ్లలో కొంగలు.

1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరాయి. సరిహద్దు ఏర్పడినా ఈ కాలువ హోసపేట ఆనకట్ట నుండి మా పొలాలు తడిపి కర్నూలు జిల్లాకు సాగుతుంది. గట్టున రైతులు కన్నడంలోనూ, తెలుగులోనూ పలకరిస్తారు. ఏ భాషలో పలకరిస్తే ఆ భాషలోనే బదులిస్తాను.

పిల్లలారా! పైవారు నీరు ఎక్కువగా వాడుకుంటే కాలువ చివరి పొలం ఎండుతుంది. తెలుగుకు మనం చివరి పొలం వంటివారం. కన్నడం చక్కగా నేర్వండి. ఇంట్లో తెలుగు మాట్లాడండి, చదవండి. ఉదయాన్నే గట్టున పరుగెత్తండి. తడి అంచు జారుతుంది, జాగ్రత్త!