‘బాగుంది’ తర్వాత ఏమిటి?

కువైట్‌లో ఉగాదికో సంక్రాంతికో తెలుగువాళ్లు కలిస్తే పాట, ఆట తప్పకుండా ఉంటాయి. పాడినవారికి చప్పట్లు కొడతాం. శాలువా కప్పి ఫోటో తీస్తాం. ‘చాలా బాగుందండీ’ అని చెప్పి ఇంటికి వెళ్లిపోతాం. ఆ కళాకారులకు మర్నాడు ఏం కావాలో మాత్రం అడగం.

ఇక్కడ పాడేవారిలో చాలామందికి గురువు దగ్గర లేరు. వెనక ఏ సంస్థా లేదు. కడప, గోదావరి ప్రాంతాల నుంచి వచ్చి ఇళ్లలో వంట చేసేవారు, కారు నడిపేవారు ఎందరో ఉన్నారు. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలంది. ఆ సెలవు దొరికినా, ఇంటికి డబ్బు పంపాలి, పిల్లలతో ఫోన్లో మాట్లాడాలి. మిగిలిన గంటే పాటకు.

ఆ గంట కోసం మేం ఆరుగురం శుక్రవారం సాయంత్రం అబ్బాసియాలో ఒక ఇంట్లో కలుస్తాం. రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక వంటమనిషి మా బృందంలో ఉంది. జానపదాలు బాగా పాడుతుంది. మొదటి రోజే నాతో అంది: “బాగుందని అందరూ చెప్తారక్కా. యాడ బాగలేదో ఒక్కరూ చెప్పరు.”

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. లిజ్ లెర్మన్ అనే అమెరికా నృత్య దర్శకురాలు 1990లో దీన్ని మొదలుపెట్టారు. ఇందులో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదట, విన్నవారు తమ మనసులో ఏది నిలిచిందో చెబుతారు. తర్వాత కళాకారిణి తన సందేహాలు అడుగుతుంది. మూడో మెట్టులో విన్నవారు ప్రశ్నలు అడుగుతారు, కానీ ఆ ప్రశ్నలో తీర్పు దాగి ఉండకూడదు. చివరగా, ఆమె సరేనంటేనే సలహా చెబుతారు.

ఒకసారి ఆమె పాటలో పాదాలు మధ్యలో తెగిపోతున్నట్టు అనిపించింది. సాగదీసి పాడమని చెప్పాలని నా నాలుక చివర ఉంది. అంతలో డప్పు వాయించే డ్రైవర్ తమ్ముడు అడిగాడు: “ఈ పాట మీ ఊళ్లో ఎప్పుడు పాడతారు?”

“సెనక్కాయ చేలో కలుపు తీసేటప్పుడు. వంగి పని చేస్తాం గదా, ఊపిరి అంతే ఉంటుంది.”

అప్పుడు అర్థమైంది. ఆ విరుపు ఆ పాటకు ప్రాణం. అతను డప్పు దరువును ఆ విరుపుకు తగ్గట్టు మార్చాడు. పాట నిలబడింది.

ఇది మనకు పూర్తిగా కొత్తదేం కాదు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ‘తందాన తాన’ అంటూ వంత పాడతారు, మధ్యలో ప్రశ్న అడుగుతారు, హాస్యమాడతారు. కథకుడికి ఊపిరి తీసుకునే సమయం దొరికేది అప్పుడే. మా శుక్రవారం పని కూడా అదే. ఒకరు హార్మోనియం అరువిస్తారు, ఒకరు కారులో దింపుతారు. నేను డర్బన్‌లో గుడి తరగతుల్లో తెలుగు నేర్చుకున్నదాన్ని. నా భజన పాటల్లో ‘ళ’, ‘ణ’ ఎలా పలకాలో ఆమే చూపిస్తుంది. నేను ఆమెకు పాటలు రాసి ఇస్తాను.

మద్రాసు నుంచి ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో, ఆ తర్వాత ఓడల్లో ఒప్పందం మీద పనికి వచ్చారు. గురువులు వెంట రాలేదు. అయినా మన ఇళ్లకు భజనలు చేరాయంటే, చెరకు తోటల్లో ఒకరు పాడితే ఇంకొకరు విని, అందుకుని, సరిదిద్ది ఉంటారు.

మీ ఊళ్లో ఈ వారం ఎవరైనా పాడితే, ‘బాగుంది’ అని తప్పకుండా చెప్పండి. తర్వాత పక్కన కూర్చుని, “ఏ చోట మీకు కష్టంగా ఉంది?” అని అడగండి. ఐదు మాటలే. మనకు వచ్చిన తెలుగు అందుకు చాలు.