మూన్‌డాగ్ అసలు ఎవరి పేరు?

ఈసారి కాస్త దూరం పోదాం, అమెరికా పాటల దగ్గరికి. ఎందుకన్నది చదువుతుంటే మీకే తెలుస్తది.

'ది బ్యాండ్' అనే రాక్ బృందం 1973లో 'మూన్‌డాగ్ మ్యాటినీ' అని ఒక ఆల్బమ్ తెచ్చింది. పది ట్రాకులు, ఒక్కటీ వాళ్ళ సొంతం కాదు. చక్ బెర్రీ, ఫ్యాట్స్ డామినో, ప్లాటర్స్, శామ్ కుక్... తాము చిన్నప్పటి నుంచి విన్న రాక్ అండ్ రోల్, బ్లూస్ పెద్దల పాటల్ని తమ గొంతుల్తో మళ్ళీ పాడారు. కొత్త పాటలు లేక చేసిన పని అని కొందరు తీసిపారేస్తారు. మాకైతే అట్ల అనిపించలేదు. శామ్ కుక్ పాటని రిక్ డాంకో పాడుతుంటే మించిపోవాలన్న ఆరాటం ఎక్కడా వినబడదు, పెద్దమనిషి పక్కన కూర్చుని పాడినట్టుంటది. అన్నీ ఒకే లెక్కన బాగున్నాయని మాత్రం అనం. 'థర్డ్ మ్యాన్' సినిమా బాణీ అందులో ఎందుకుందో మాకిప్పటికీ అర్థం కాలేదు.

ఆ బృందంలో గిటారు వాయించిన రాబీ రాబర్ట్‌సన్ తల్లి ఆదివాసీ. మోహాక్, కయూగా తెగల మనిషి. కెనడాలోని సిక్స్ నేషన్స్ రిజర్వులో పెరిగింది. పిల్లోడు అక్కడికి పోయినప్పుడల్లా చుట్టాలందరి చేతుల్లో ఏదో ఒక వాద్యం ఉండేదట. గిటారు మీద మనసు అక్కడే పడింది. 2023లో ఆయన పోయినప్పుడు కుటుంబం పూలు వద్దంది, సిక్స్ నేషన్స్‌లో కట్టే సాంస్కృతిక కేంద్రానికి విరాళం ఇవ్వమంది.

ఇక ఆల్బమ్ పేరు సంగతి. 1950ల మొదట్లో క్లీవ్‌లాండ్ రేడియోలో అలెన్ ఫ్రీడ్ అనే అనౌన్సర్ 'మూన్‌డాగ్' పేరుతో కార్యక్రమం నడిపేవాడు. 'రాక్ అండ్ రోల్' అన్న మాటని జనంలోకి తెచ్చింది ఈయనే అంటారు. కానీ మూన్‌డాగ్ అన్నది ఆయన పేరు కాదు. న్యూయార్క్ వీధుల్లో వాయించుకునే గుడ్డి సంగీతకారుడు లూయిస్ హార్డిన్ పెట్టుకున్న పేరు అది. పేరూ వాడుకున్నారు, ఆయన రికార్డునీ వాడుకున్నారు. హార్డిన్ కోర్టుకు పోయి 1954లో గెలిచాడు. ఫ్రీడ్ ఆ పేరు వదులుకోవాల్సి వచ్చింది. వీధిలో నిలబడే మనిషి రేడియో స్టార్ మీద గెలిచాడంటే చిన్న విషయమా!

ఇంకొక్క మెట్టు దిగితే, ఆ హార్డిన్ చిన్నతనంలో అరాపహో తెగ సూర్యనృత్యానికి పోయి, వాళ్ళ పెద్ద యెల్లో కాఫ్ ఒడిలో కూర్చుని దున్నతోలు డోలు కొట్టానని చెప్పుకున్నాడు. ఆ దరువు జీవితాంతం ఆయన సంగీతంలో ఉంది. ఆల్బమ్ అట్ట మీది పేరు వెనకాల రేడియో, రేడియో వెనకాల వీధి, వీధి వెనకాల ఒక ఆదివాసీ డోలు!

అదే ఆల్బమ్‌లో 'మిస్టరీ ట్రైన్' ఉంది. 1953లో మెంఫిస్‌లో జూనియర్ పార్కర్ పాడిన పాట. రచయితగా పార్కర్ పేరు పక్కన స్టూడియో యజమాని శామ్ ఫిలిప్స్ పేరు కూడా చేరింది. తర్వాత ఎల్విస్ పాడాక లోకం దాన్ని ఎల్విస్ పాట అనుకుంది.

ఈ కథ మనకి కొత్తదా? మన పాటలు స్టేజీల మీద, యూట్యూబ్‌లో వస్తున్నాయి. కింద 'జానపదం' అని ఉంటది, లేకపోతే 'సేకరణ' అని ఒకాయన పేరు. పాట ఇచ్చిన అవ్వ పేరు, ఊరు పేరు ఉండవు. గుస్సాడీ కనకరాజు తాతకి 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య తాతకి 2022లో పద్మశ్రీ వచ్చింది కాబట్టి వాళ్ళ పేర్లు పేపర్లో పడ్డాయి. ఇద్దరూ 2024లో వెళ్ళిపోయారు. పేపర్లో పడని తాతలు ఎంతమందో!

పాడొద్దని మేము అనడం లేదు. గిటారుతో పాడండి, కీబోర్డుతో పాడండి. పాతదాన్ని కొత్త గొంతు పాడితేనే పాట బతుకుతది. మేము కొంతమందిమి సెలవుల్లో ఇట్లాంటి ఆల్బమ్ ఒకటి ఫోన్లలోనే రికార్డు చేద్దామనుకుంటున్నాం. ప్రతి పాటకి ముందు ఎవరి దగ్గర నేర్చుకున్నామో, ఏ ఊరో, ఏ గోత్రమో మన భాషలోనే చెప్తాం. మీ ఊళ్ళో పాడే పెద్దవాళ్ళుంటే ముందు వాళ్ళని అడగండి. ఒప్పుకుంటేనే రికార్డు చేసి పంపండి. కొలుపుల్లో మాత్రమే పాడేవి, బయట పాడకూడదని వాళ్ళు చెప్పినవి పంపకండి.