లోపల గడియ

పోయిన దసరాకి బొంతపల్లి వెళ్ళి, ఉన్న నాలుగు రోజుల్లో మూడు రోజులు రూటర్ ముందే కూర్చున్నాను. "పండక్కొచ్చి గా డబ్బ ముంగట్నే గూసుంటివి" అని అమ్మ విసుక్కుంది. నిజమే. కానీ ఆ డబ్బాకి నేను చెప్పాలనుకున్నది ఒక్క మాట: ఎవరైనా పుస్తకం కోసం వస్తే లోపలికి రానివ్వు.

ఇంజనీరింగ్ రోజుల్లో నేను డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాకి బానిసని. పాత తెలుగు పుస్తకాలన్నీ అందులో ఉండేవి, కానీ పేజీకో టిఫ్ ఫైలు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా ఉండేవి, రచయిత ఎవరో ఊహించుకోవాలి. రాత్రుళ్ళు హాస్టల్ నెట్‌లో పేజీలన్నీ దింపి, కలిపి, పేరు సరిచేసి దాచుకునేవాణ్ణి. తర్వాత ఆ సైటు మూతపడింది. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి, ఆ తప్పుడు పేర్లతోనే. నేను సరిచేసినవి మాత్రం నా డిస్కులోనే ఉండిపోయాయి. పదేళ్ళు తీసుకోవడమే తప్ప ఇచ్చింది లేదు.

ఆ మధ్య మిత్రులు అడిగారు. డ్రైవ్‌లో పెట్టి లింకు ఇస్తే అయిపోయేది. కానీ ఒక చోట పెట్టిన దానికి ఏమవుతుందో ఒకసారి చూశాం కదా. టొరెంట్‌లో అయితే దింపుకున్న ప్రతివాడూ ఇంకొకడికి ఇవ్వగలడు, నా డిస్కు చచ్చినా పుస్తకం బతుకుతుంది. టొరెంట్ అనగానే మనకి దొంగ సినిమాలే గుర్తొస్తాయి గానీ, 2001లో బ్రామ్ కోహెన్ రాసింది పెద్ద ఫైళ్ళని నలుగురూ కలిసి మోసే పద్ధతి, అంతే. అందులో ఏం పెడతామన్నది మన బాధ్యత. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి. అందుకని అది దాటినవాళ్ళనే ఏరాను: వీరేశలింగం, గురజాడ, పానుగంటి, చిలకమర్తి, సురవరం ప్రతాపరెడ్డి.

హైదరాబాద్‌లో నేనుండే గదిలో వైఫై ఓనర్‌ది. ఎప్పుడూ ఆన్‌లో ఉంచగలిగే పాత కంప్యూటర్ బొంతపల్లి ఇంట్లోనే ఉంది. క్లయింట్ పెట్టి ఫైళ్ళు చేర్చాను. కరీంనగర్‌లో మిత్రుడు ఎదురుచూస్తున్నాడు. ఒక్క బైటూ కదల్లేదు.

రూటర్ మా ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. లోపలివాళ్ళు పిలిచినవాణ్ణి పంపిస్తుంది. ఎవరూ పిలవకుండా వచ్చినవాడు ఎవరి కోసం వచ్చాడో దానికి తెలియదు, వెనక్కి పంపేస్తుంది. మిత్రుడిది మొబైల్ హాట్‌స్పాట్, అక్కడా ఇదే కథ. రెండిళ్ళూ లోపల గడియ పెట్టుకుంటే మధ్యలో పుస్తకం ఎట్లా పోతుంది? 192.168.1.1లోకి వెళ్ళాను. కంప్యూటర్‌కి మారని లోకల్ అడ్రస్ ఇచ్చి, ఒకే ఒక్క పోర్ట్ దానికి ఫార్వర్డ్ చేశాను. యూపీఎన్‌పీ ఆన్ చేస్తే ఇదంతా దానంతటదే అయ్యేది. కానీ అప్పుడు ఇంట్లో ఏ వస్తువైనా చెప్పకుండా తలుపులు తీసుకోగలదు. ఆపేశాను.

అయినా కదల్లేదు. రూటర్‌కి వచ్చిన బయటి అడ్రస్ చూస్తే 100.72తో మొదలైంది. అప్పుడర్థమైంది. ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం 430 కోట్లే, లోకానికి సరిపోవు. అందుకని కంపెనీలు ఒక పబ్లిక్ అడ్రస్ వెనక అనేక ఇళ్ళని పెడతాయి. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసని 2012లో ఈ పనికే కేటాయించారు. అంటే మా గేటు బయట ఇంకో గేటుంది, దాని తాళం నా దగ్గర లేదు. చూడ్డానికీ, కొనుక్కోడానికీ ఏ ఇబ్బందీ ఉండదు. ఇవ్వబోతేనే ఆ గేటు కనిపిస్తుంది. నెలనెలా అదనంగా కడితే స్టాటిక్ ఐపీ ఇస్తామన్నారు.

"ఎవలొస్తర్రా మనింటికి, దానికి పైసలు గట్టుడు?" అన్నాడు నాయిన.

ఆ మాట నాయిన అనడం నాకు కష్టంగా తోచింది. బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలో ఆయన షిఫ్టుల్లో చేసే రోజుల్లో మా ఇంటికి పుస్తకాల కోసమే మనుషులొచ్చేవాళ్ళు. ఎవరు ఏది తీసుకెళ్ళారో ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. కొన్ని తిరిగి రాలేదు. పదో తరగతిలో నాకు కోపమొచ్చి 'పుస్తకాలు అరువు ఇవ్వబడవు' అని రాసి బీరువాకి అంటించాను. ఆ సాయంత్రం నైట్ షిఫ్టుకి పోతూ వచ్చిన ఒకాయన అది చదివి, మంచినీళ్ళు అడిగి తాగి, వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆయన దగ్గరున్న 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' కూడా రాలేదు. నాయిన నన్నేమీ అనలేదు, కాగితం మాత్రం చింపేశాడు. గమ్ము మరక ఇప్పటికీ ఉంది.

1930లో మా జిల్లా జోగిపేటలోనే, సురవరం అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన కాలంలో ఊరూరా గ్రంథాలయాలు పెట్టించిన తరం అది. వాళ్ళ పుస్తకాలు నా డిస్కులో, గడియ వెనక.

డబ్బు కట్టాను. మర్నాడు అడ్రస్ మారింది. రాత్రి తొమ్మిదింటికి కరీంనగర్ వాడికి మొదటి ఫైలు కదలడం మొదలైంది. కాసేపటికి ఇంకో అడ్రస్ వచ్చి చేరింది. అది ఎవరో నాకు తెలీదు. తీసుకుంటున్నది సాంఘిక చరిత్రే. నాయినని పిలిచి చూపించాను.

"ఎవలు?"

"తెల్వది."

"తిరిగిస్తడా?"

"ఇచ్చే పని లేదు నాయినా. ఆయన తాన ఉంటది, మన తాన ఉంటది."

కాసేపు గీత పాకడం చూశాడు. "అయితే నోట్‌బుక్కుల రాసే పన్లేదన్నట్టు" అన్నాడు. పడుకోబోతూ వెనక్కి తిరిగి, "కంప్యూటర్ బంద్ చెయ్యకు, ఆయనది అయిపోనీ" అన్నాడు.