శిరివెళ్ల మెట్ట మీదుగా కోర్టుకు

మా చిన్నాయన పొలం పంపకాల దావా ఆళ్లగడ్డ కోర్టులో నడుస్తోంది. ఈ వాయిదాకు తోడు రమ్మన్నాడు. నంద్యాలలో ఎక్కిన పల్లెవెలుగు బస్సు శిరివెళ్ల మెట్ట వైపు సాగుతుంటే ఎడమచేతి వైపు నల్లమల కొండలు మనతోపాటే కదులుతూ వస్తాయి. చిన్నాయన చూపు కొండల మీద లేదు. ఒడిలోని సంచి విప్పి కాగితాలు సరిచూసుకుంటున్నాడు. పాసుపుస్తకం, 1బి, అడంగల్, తాత కాలంనాటి రిజిస్టర్ దస్తావేజు. దస్తావేజు మడతల దగ్గర చినిగిపోయి, సెల్లోటేపు అతుకుల మీద నిలబడి ఉంది.

"కూలి పోతే పోనీ నాయనా, వాయిదా పోకూడదు. మనం లేకపోతే ఎక్స్‌పార్టీ చేస్తారంట" అన్నాడు.

ఆళ్లగడ్డలో దిగితే ముందు వినపడేది రాతి మీద ఉలి చప్పుడు. రోడ్డు వారన షెడ్లలో సగం చెక్కిన విగ్రహాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. ఈ ఊరి శిల్పుల చేతి పని ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తుంది. మేం ఆగకుండా కోర్టుకు నడిచాం.

కోర్టు దగ్గర కూర్చోవడం ఒక పని. మన కేసు ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి టీకి వెళ్లడానికి కూడా మనసొప్పదు. బంట్రోతు గుమ్మంలో నిలబడి పేరు పిలుస్తాడు. ఒకటి, రెండు, మూడు. పేరు వినపడగానే చెప్పులు వదిలేసి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని లోపలికి పరుగెత్తిన ఒక ముసలాయనను చూశాను. రుద్రవరం వైపు పల్లె నుంచి వచ్చానని అంతకుముందే చెప్పాడు. మూడో పిలుపు దాటిపోతుందేమోనన్న భయం ఆయన ముఖం నిండా ఉంది. న్యాయవ్యవస్థ అనే పెద్దమాట ఆయనకు ఆ గుమ్మమే. సుప్రీంకోర్టూ హైకోర్టూ ఆయన జీవితంలోకి రావు. వచ్చేది ఈ తాలూకా కోర్టు ఒక్కటే.

అవతలి పక్షం సాక్షి రాలేదు. మా కేసు వాయిదా పడింది.

వకీలు గారు తీరిక చేసుకుని మాతో కూర్చున్నారు. పంపకాల దావా ఎందుకు సాగుతుందో చిన్నాయనకు ఓపికగా చెప్పారు. ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ. తర్వాత కమిషనర్ పొలానికి వెళ్లి, సర్వేయరుతో కొలిపించి, హద్దులు పెట్టి రిపోర్టు ఇవ్వాలి. ఆ రిపోర్టు మీద అభ్యంతరాలు. ఆ తర్వాత ఫైనల్ డిక్రీ. అది స్టాంపు కాగితం మీదికి ఎక్కాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక మనిషి కావాలి. సమన్లు పల్లెకు మోసుకెళ్లే ప్రాసెస్ సర్వర్ కావాలి, సాక్షి చెప్పింది ఎక్కించే టైపిస్టు కావాలి, పాత రికార్డు వెతికి తీసే గుమాస్తా కావాలి. వీళ్లలో ఒక్కరు లేకున్నా జడ్జి గారు ఎంత కష్టపడేవారైనా కేసు కదలదు.

"గోడలు కట్టినప్పుడు శిలాఫలకం ఉంటుంది. టైపిస్టును వేస్తే శిలాఫలకం ఉండదు కదా" అన్నారాయన. ఆ మాట నా మనసులో నాటుకుంది.

కోర్టు భవనానికి డబ్బు వచ్చే దారి పొడుగైంది. జిల్లా జడ్జి నుంచి ప్రతిపాదన హైకోర్టుకు, అక్కడి నుంచి న్యాయశాఖకు, ఆర్థికశాఖకు. జీవో వచ్చాక రోడ్లు భవనాల శాఖ టెండర్లు. పని జరిగాక బిల్లులు. ఎక్కడ ఆగినా పునాదుల్లో తుమ్మచెట్లు మొలుస్తాయి. విజయవాడ కోర్టుల సముదాయానికి 2013లో శంకుస్థాపన చేస్తే, ప్రారంభమైంది 2022 ఆగస్టు 20న. రాష్ట్రం నడిబొడ్డున ఉన్న విజయవాడకే అన్నేళ్లు పట్టింది.

కేంద్రం ఊరికే లేదు. దిగువ కోర్టుల వసతులకు 1993-94 నుంచి పథకం ఉంది. మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించాలి. 2021లో దాన్ని 2025-26 దాకా పొడిగిస్తూ మొత్తం 9,000 కోట్ల రూపాయలు అనుకున్నారు. అందులో కేంద్రం వాటా 5,307 కోట్లు. ఈ-కోర్టుల మూడో దశకు 2023లో ఒప్పుకున్నది 7,210 కోట్లు. భవనాల 5,307, కంప్యూటర్ల 7,210, ఈ రెండు అంకెలను నేను పక్కపక్కన పెట్టి చూస్తాను. కంప్యూటర్లు వద్దనడం లేదు. వాయిదా తేదీ ఫోనులో కనపడటం చిన్నాయనకు ఎంతో మేలు చేసింది. కానీ 2021 అక్టోబరులో ఔరంగాబాదులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బయటపెట్టిన లెక్క మరిచిపోలేను. దేశంలోని కోర్టు సముదాయాల్లో 26 శాతం చోట్ల ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. కోర్టు హాళ్లలో రికార్డు గది విడిగా ఉన్నవి 32 శాతమే. తాగడానికి శుభ్రమైన నీళ్లు 54 శాతం సముదాయాల్లోనే. మనోవర్తి కోసం పొద్దున్నే పల్లెలో బయల్దేరి సాయంత్రం దాకా పిలుపు కోసం కూర్చునే ఆడమనిషికి ముందు కావాల్సింది ఏది?

డబ్బు వచ్చినచోట ఖర్చు కాకపోవడం ఇంకో బాధ. పదమూడో ఆర్థిక సంఘం 2010-15 మధ్య న్యాయపాలన కోసం 5,000 కోట్లు గ్రాంటుగా పెడితే రాష్ట్రాలు అందులో పెద్ద భాగం వాడుకోలేకపోయాయి. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలు ఉండాలని లా కమిషన్ 1987లో చెప్పింది, 2002లో సుప్రీంకోర్టు ఐదేళ్లలో చేయమంది. మంజూరైన పోస్టులన్నీ లెక్కేసినా ఇప్పటికీ అందులో సగం దాటలేదు.

మళ్లీ బస్సెక్కాం. కాపీల పని మీద నంద్యాల కోర్టుకు కూడా వెళ్లాల్సి ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయింది. కలెక్టరు, ఎస్పీ వచ్చి కూర్చున్నారు. జిల్లా కోర్టు మాత్రం వాళ్లతో పాటు రాలేదు. అదనపు జిల్లా జడ్జి కోర్టు నంద్యాలలో ఉన్నా, ప్రధాన జిల్లా కోర్టు కోసం కర్నూలు వైపు చూడాలి. ఇక హైకోర్టంటే నల్లమల దాటి అమరావతి చేరాలి. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచి హైకోర్టు మాట సీమలో నలుగుతూనే ఉంది. 1953లో కర్నూలు రాజధాని అయితే హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. ఈ నేలవాడిగా ఆ బెంచి రావాలని నిండు మనసుతో కోరుకుంటాను. అయితే బెంచి కోసం బందులు, ధర్నాలు చేసిన మనం తాలూకా కోర్టులో టైపిస్టు పోస్టు కోసం ఒక్కనాడూ రోడ్డెక్కలేదు. చిన్నాయన దావా తెమలడానికి ఆ రెండోదే దగ్గరి దారి.

ఈ మాటే ఆయనతో అన్నాను. కాసేపు ఆలోచించాడు.

"ఓట్లకొచ్చినప్పుడు నీళ్లడుగుతాం, రోడ్డడుగుతాం. కోర్టు గురించి ఎవురడుగుతారు నాయనా? ఎవుడి కేసు వాడిది" అన్నాడు.

బడ్జెట్టులో డబ్బు ఎందుకు రాదో ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఢిల్లీని పక్కనపెడితే ఏ రాష్ట్రమూ తన ఖర్చులో ఒక శాతానికి మించి న్యాయవ్యవస్థకు పెట్టడం లేదని ఇండియా జస్టిస్ రిపోర్టు చెబుతోంది. కక్షిదారులంతా ఒకచోటే కూర్చుంటారు కానీ ఒక్క గొంతుతో అడగరు. వాదీ ప్రతివాదీ ఒకే చెట్టు కింద ఎదురెదురుగా ఉంటారు. ఇద్దరికీ కావాల్సింది కేసు తెమలడమే.

బడ్జెట్టు పుస్తకాల్లో న్యాయపాలన పద్దు 2014, భవనాలు 4059 కింద ఉంటాయని చెప్పాను. ఆ నంబర్లు కాగితం మీద రాసిమ్మన్నాడు. రాసిచ్చాను. దస్తావేజు కవర్లోనే పెట్టుకున్నాడు. ఈసారి ఎమ్మెల్యే ఊళ్లోకి వస్తే అర్జీ ఇవ్వాలని, దానిమీద అవతలి పక్షం వాళ్ల సంతకం కూడా అడుగుతానని అన్నాడు. అర్జీలో మొదటి కోరిక ఖాళీల భర్తీ, రెండోది ఆడవాళ్లు కూర్చునే చోటు, మరుగుదొడ్డి. భవనం సంగతి ఆ తర్వాతేనని ఆయనే వరస చెప్పాడు.