జలపాతముచెంత జంట శిఖరముల కథ

గత ఆశ్వయుజమాసమున మా చెల్లెలింట కొన్నాళ్లుండుటకై అమెరికా దేశములోని వాషింగ్టన్ రాష్ట్రమునకు పోయితిని. సియాటిల్ నగరమునకు తూర్పుననున్న పట్టణములందు మన తెలుగు కుటుంబములు పెక్కులు కలవు. ఒక ఆదివారమునాడు చెల్లెలు, “అక్కయ్యా! నేడు నీకొక జలపాతమును, దానితోపాటొక కథను చూపెదను” అని నన్నును, పదునాలుగేండ్ల తన కుమార్తెను కారులో కూర్చుండబెట్టుకొని బయలుదేఱెను.

సన్నని వాన కురియుచుండెను. త్రోవకిరుప్రక్కల సూదులవంటి యాకులుగల మహావృక్షములు మంచులో మునిగి, తపస్సు చేయుచున్న మునులవలె నిలిచియుండెను. స్నోక్వాల్మీ నది 268 అడుగుల యెత్తునుండి దుముకుచోట మేము దిగితిమి. ఇది నయాగరాకంటె నెక్కువ యెత్తుగల జలపాతము. 1899 నుండి దీనిచెంత ఱాతిలోపల దొలిచిన గుహలో విద్యుచ్ఛక్తిని పుట్టించుచున్నారు. ఇది స్నోక్వాల్మీ యను ఆదివాసి జనులకు పుణ్యస్థలము. అంచుననున్న సాలిష్ లాడ్జి యను విడిదిని, చుట్టునున్న భూమిని 2019లో వారే కొని తిరిగి తమ వశము చేసికొనిరి.

చెల్లెలు చెప్పిన కథ యీ విడిదితోనే మొదలయినది. 1990 ఏప్రిల్ 8వ తేదీ రాత్రి ఏ.బి.సి. టెలివిజను సంస్థవారు ‘ట్విన్ పీక్స్’, అనగా జంట శిఖరములు, అను ధారావాహిక నాటకమును ప్రారంభించిరి. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ అనువారలు దాని కర్తలు. లారా పామర్ అను పడుచుపిల్ల శవము నీటియొడ్డున దొరకును. ఊరివారందఱు ముద్దుచేసిన పిల్ల యామె. కూపర్ అను అపరాధపరిశోధకుడు వచ్చి, సాక్ష్యములతోపాటు తన స్వప్నములనుగూడ నమ్మి వెదకును. ఆ స్వప్నమున నెఱ్ఱని తెరలుగల గదియొకటి. అందలివారి మాటలు వింతగా వినవచ్చును. నటులచేత మాటలను వెనుకనుండి ముందునకు పలికించి, ఆ ధ్వనిని మరల త్రిప్పి వినిపించిరట!

అంతకుముందు టెలివిజనులో హత్య జరిగినచో ఆ రాత్రియే హంతకుడు దొరకుట పరిపాటి. ఇందు వారములు గడచినను దొరకలేదు. “లారాను చంపినదెవరు?” అని దేశమంతయు చర్చించెను. తుదకు సంస్థవారి యొత్తిడిచే 1990 నవంబరులో రహస్యమును విప్పిరి; పిదప చూపఱులు తగ్గి 1991 జూనులో నాటకము ముగిసెను. కాని దాని ప్రభావము ముగియలేదు. ‘ఎక్స్ ఫైల్స్’, ‘లాస్ట్’ వంటి తరువాతి నాటకములు దీని బాటనే నడచినవని విమర్శకులందురు. 2017లో మరల పదునెనిమిది భాగములు వెలువడెను. లించ్ 2025 జనవరిలో కాలధర్మము నొందెను.

అచటినుండి నార్త్ బెండ్ అను చిన్న యూరికి పోయితిమి. నాటకములోని ఫలహారశాల యిచటిదే. 2000 సంవత్సరమున నగ్నికాహుతియై మరల కట్టబడినది. నూతన భాగముల చిత్రీకరణకై పూర్వపు రూపు దిద్దిరి. కూపర్ మెచ్చిన చెర్రీపండ్ల ‘పై’ని పిల్ల తినెను. నేను కాఫీతో తృప్తిపడితిని. మన యింటి డికాక్షనుకు అది సాటిరాదని మనసులోనే యనుకొంటిని!

పిల్ల తినుట ఆపి, “పెద్దమ్మా! ఇంతకును ఆమెను చంపినదెవరు?” అని యడిగెను. నాకును తెలియదు, చెల్లెలివైపు చూచితిని. ఆమె మెల్లగా, “తండ్రియే. ఏదో దుష్టశక్తి ఆవేశించినదని కథ” అనెను. పిల్ల క్షణమాలోచించి, “మఱి వాళ్ల అమ్మకేమియు తెలియలేదా?” అనెను. మా యిద్దఱియొద్దను సమాధానము లేకపోయెను.

సోదరీమణులారా! దేశమంతయు హంతకుడెవరని యడిగినది. ఈ బాలిక యడిగినది వేఱు. చిన్ననాడు నాయనగారియొద్ద సభాపర్వము చదువునపుడు, ద్రౌపది యడిగిన ప్రశ్నకు పెద్దలు తలలు వంచుకొనుట నాకు రోత పుట్టించెడిది. అట్టి నేనేమి చేసితిని? మా వీధి బాలిక యొకతె నాయొద్దకు పద్యములు నేర్చుకొనుటకు వచ్చెడిది. ఆమె చేతిపై కమిలిన గుర్తులు చూచి యడిగితిని. “మెట్లపై పడితిని” అనెను. నేను నమ్మినట్లు నటించితిని. ఇంటి గుట్టు మనకేలయని యూరకుంటిని.

తిరిగి వచ్చినపిదప ఆ బాలికను పిలిచి, పుస్తకము ప్రక్కనబెట్టి, ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. మూడు దినములు నోరు విప్పలేదు. నాలుగవనాడు విప్పెను. ఆమె చెప్పినది వ్రాయదగినది కాదు. మా వారును నేనును పిల్లల రక్షణకై యేర్పడిన 1098 సంఖ్యకు ఫోను చేసితిమి. ఇపుడామె మేనమామగారింట నుండి బడికి పోవుచున్నది.

జలపాతపు హోరులో ప్రక్కవారి మాటయైనను వినబడదు. మన యిండ్లలో అంత హోరు లేదుగదా! చెవియొగ్గుట యొక్కటే కొఱత.