చెమట పట్టినా పట్టు వదలని చెయ్యి

రాజమండ్రిలో గోదారి దాటి, కొవ్వూరు, తాళ్లపూడి, గూటాల మీదుగా పోలవరం చేరేసరికి పది దాటింది. వైశాఖం ఎండ, ఏటి గాలి కూడా స్తంభించింది. నేను చూడవచ్చిన రైతు అరుగు మీద కూర్చుని కుడిచేతికి తొడుగు బిగించుకుంటున్నారు. గడ్డి కోసే మిషన్లో పడి మోచేతి కింద చెయ్యి పోయింది. ఇప్పుడున్నది కండరాల సంకేతాలతో కదిలే కృత్రిమ చెయ్యి.

మంచినీళ్ల గ్లాసు అందుకుని, మళ్లీ అరుగు మీద పెట్టారు. "పొద్దున్నపూట చెప్పినట్టే వింటాదండి. మజ్జాన్నం చెమట పట్టిందంటే దానిష్టమే" అన్నారు.

నాతో వచ్చిన టెక్నీషియన్ తొడుగు విప్పి చూపించారు. చెయ్యి లేకపోయినా, పిడికిలి బిగించాలనుకోగానే మిగిలిన కండరం బిగుస్తుంది. అప్పుడు చర్మం మీద కనిపించే విద్యుత్తు మహా అయితే కొన్ని మిల్లీవోల్టులు. ముడిచే కండరం మీద ఒకటి, చాచే కండరం మీద ఒకటి ఉన్న ఎలక్ట్రోడ్లు దాన్ని పట్టుకుంటాయి. ఆ సంకేతం 20 నుంచి 500 హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఇంటి కరెంటు రొద 50 హెర్ట్జ్. అది కూడా అందులోనే కలుస్తుంది కాబట్టి వడకట్టాలి.

చిక్కంతా చర్మం దగ్గరే. కాస్త తడి ఉంటే సంకేతం బాగా అందుతుంది. చెమట కారితే తొడుగు జారుతుంది. ఎలక్ట్రోడు ఒక్క సెంటీమీటరు జరిగినా పక్క కండరం సంకేతం కలుస్తుంది. చెయ్యి పైకెత్తితే కండరాలు బిగిసే తీరే మారిపోతుంది. అందుకే కూర్చోబెట్టి సరిచేసిన చెయ్యి, అటక మీది గంప దించేటప్పుడు తడబడుతుంది.

ఆ పూట టెక్నీషియన్ ఆయన్ని కూర్చోబెట్టలేదు. చెయ్యి దించి, ముందుకు చాపి, తలపైకెత్తి పిడికిలి మూయించి తెరిపించారు. పెరట్లో బాగా చెమట పట్టేదాకా పని చేయించి, మళ్లీ అదే చేయించారు. అన్నిచోట్లా పనిచేసే హద్దు చూసి, ఎంత బిగిస్తే వేళ్లు కదలాలో అక్కడ ఖాయం చేశారు. చాలా ఎలక్ట్రోడ్లతో, రకరకాల బిగింపుల తీరును గుర్తుపట్టే కొత్త చేతులకైనా ఇలా పలు భంగిమల్లో నేర్పితేనే పట్టు కుదురుతుంది.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2013లో ఒకరికి కృత్రిమ చేతిని ఎముకకే బిగించి, ఎలక్ట్రోడ్లను శరీరం లోపలే అమర్చారు. అక్కడ చెమట బెడద లేదు, జారే తొడుగూ లేదు. కానీ అది శస్త్రచికిత్స. పల్లె పల్లెకీ ఇప్పట్లో రాదు. హైదరాబాద్‌లోనే మేకర్స్ హైవ్ లాంటి సంస్థలు ఈ రైతుకున్నలాంటి తొడుగు చేతులు తయారు చేస్తున్నాయి. మనకు కావలసింది చెయ్యి ఇచ్చిన తర్వాత సరిచేసే పని.

మధ్యాహ్నం రెండింటికి, చొక్కా తడిసి ముద్దయ్యాక, ఆయన గొడ్డు పలుపు ఆ చేత్తోనే పట్టుకుని కొట్టం దాకా నడిచారు. పట్టు వదల్లేదు.

కృత్రిమ చేతులు పంచే సంస్థలకు నా మనవి ఒక్కటే. ఇచ్చిన చేతులతోపాటు, ఏడాది తర్వాతా వాడుకలో ఉన్నవి ఎన్నో లెక్కపెట్టండి. ఒక్కసారైనా నడివేసవిలో వాడేవాళ్ల ఇంటికి వెళ్లి సరిచేసి రండి.