మన గెడ్డల్లో చేప మిగలాలంటే

కొంచెం పెద్ద పోస్టు ఇది. హాస్టల్లో ఉంటున్న హుకుంపేట మండలం పిల్లలం నాలుగైదు రాత్రులు కూర్చొని మాట్లాడుకున్నదే రాస్తున్నాం. రాసే చెయ్యి ఒకటే, మాట మా అందరిదీ. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకని చదివింది మాలోనే దాచుకోకూడదు అనిపించింది.

విషయం మన గెడ్డల గురించి, వాటిలో చేపల గురించి.

మన మండలంలో మఠం దగ్గర మత్స్యగుండం తెలియనివాళ్లు ఉండరు. శివరాత్రికి ఎన్ని ఊళ్ల జనం వస్తారో చూసే ఉంటారు. ఆ గుండంలో చేపల్ని ఎవరూ పట్టరు. గాలం వెయ్యరు, వల వెయ్యరు. ఎందుకు అని అడిగితే పెద్దవాళ్లు "అవి దేవుడి చేపలు" అంటారు, అంతే.

ఇది ఎప్పటి నుంచి ఉందో తెలుసా? 1907లో అచ్చయిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్‌లో ఫ్రాన్సిస్ అనే ఇంగ్లీషు అధికారి దీని గురించి రాశాడు. ఏరు రాళ్ల కిందికి దూరి మాయమై, కొంచెం దూరంలో మళ్లీ బయటపడుతుందని, అక్కడున్న గుండంలో చిన్నా పెద్దా మహాశీర్ చేపలు కిక్కిరిసి ఉంటాయని రాశాడు. మనిషి చేతిలోంచి మేత తినేటంత మచ్చికగా ఉండేవట. పక్కనే గడ్డి కప్పిన చిన్న గుడి, దానికి భగత కులం పూజారి. శివరాత్రి నాడు చేపలకు మేత వెయ్యడం పూజలో భాగం. వాటికి మాడుగుల జమీందార్ల అండ ఉండేది. వాళ్లకి చేప అంటే భక్తి, జెండా మీద కూడా చేప బొమ్మే. ఒక బింజారీ వ్యాపారి చేపని పట్టి కూర వండుకుంటే, చేపల రాజు శాపం పెట్టి అతన్నీ, సరుకు మోసే ఎద్దుల్నీ రాళ్లు చేసిందన్న కథ కూడా అందులో ఉంది. మా ముసలివాళ్ల దగ్గర విన్న కథ లైబ్రరీ పుస్తకంలో ఇంగ్లీషులో కనిపించేసరికి మాకు ఒళ్లు జలదరించింది.

జమీందారీలు పోయాయి. తెల్లదొరలు పోయారు. కట్టుబాటు మాత్రం ఉంది. కంచె లేదు, గార్డు లేడు, బోర్డు లేదు. నూరేళ్లకు పైగా ఊళ్లన్నీ ఒక మాట మీద నిలబడి గుండాన్ని కాపాడాయి. చదువు లేనివాళ్లు, అడవి మనుషులు అని మనల్ని అనేవాళ్లకి ఈ ఒక్క సంగతి చెప్తే చాలు. శృంగేరిలో తుంగ నది దగ్గర కూడా చేపల్ని ఇలాగే కాపాడుకుంటారు. అక్కడికి దేశమంతా పోయి చూస్తుంది. మనది మనకే సరిగ్గా తెలీదు.

అయితే చేప గుండంలోనే బతకదు. గుండం దాని ఇల్లు అనుకుంటే, పైన ఉన్న గెడ్డంతా దాని పొలం, దాని పురిటిల్లు. మహాశీర్ లాంటి చేపకి పారే నీరు కావాలి, నీళ్లలో గాలి కలవాలి, అడుగున గులకరాళ్లు శుభ్రంగా ఉండాలి. బయటి దేశాల్లో చల్లటి కొండ ఏరుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుంది. అది గులకరాళ్ల మధ్య గుంత చేసి గుడ్లు పెడుతుంది. పైన ఎవరైనా రోడ్డు తవ్వినా, ఏట్లో బండి నడిపినా మెత్తటి మట్టి కొట్టుకొచ్చి ఆ రాళ్ల సందుల్లో నిండిపోతుంది. గుడ్లకి గాలి అందదు, లోపలే చచ్చిపోతాయి. అమెరికాలో ఈ చేప కోసం 1959లోనే జనం సంఘం పెట్టుకున్నారు. ట్రౌట్ మన చేప కాదు, కశ్మీరుకీ నీలగిరికీ తెల్లవాళ్లు తెచ్చి వదిలింది. కానీ దానికి వచ్చిన కష్టం మన పరిగెకీ, జెల్లకీ, రాయి కింది పీతకీ కూడా వస్తుంది. కావేరిలో ఉండే మూపు మహాశీర్‌ని 2018లో అంతరించిపోయే ప్రమాదం అత్యంత ఎక్కువ ఉన్న జీవుల లిస్టులో చేర్చారు. అంత పెద్ద నదిలోనే ఆ గతి పడితే మోకాలి లోతు గెడ్డ ఎంత?

ఇప్పుడు జీపుల సంగతి. నవంబర్ వచ్చిందంటే వలిసె పూలు, మంచు, వంజంగి మేఘాలు చూడ్డానికి జనం వస్తారు. రానివ్వండి, మన కొండ అందంగా ఉంది కాబట్టే వస్తున్నారు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి రాళ్ల దారిలో జీపుల్లోనే తీసుకెళ్తారు. అలాంటి సరదా మెల్లగా చిన్న గెడ్డల దాకా వచ్చింది. కార్లు, బైకులు నేరుగా నీళ్లలోకి దింపి, నీళ్లు ఎగజిమ్మిస్తూ వీడియోలు తీసుకుంటున్నారు. బండి అక్కడే కడుగుతారు. ఆయిల్ నీళ్ల మీద రంగురంగులుగా తేలుతుంది. కిందనున్న ఊరిలో ఆ నీళ్లే బిందెల్లోకి వెళ్తాయి. మన ఊళ్లు చాలావాటికి కొండ మీద ఊట నుంచి పైపు వేసిన గ్రావిటీ నీళ్లే దిక్కు. పైపు చెడిపోతే మళ్లీ గెడ్డే.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాలో ఒకరి అన్న సీజన్‌లో జీపు నడుపుతాడు. తమ్ముడి పరీక్ష ఫీజు ఆ డబ్బుతోనే కట్టారు. కాబట్టి జీపులు ఆపెయ్యండి అని హాస్టల్లో కూర్చొని రాసెయ్యడం మాకు కుదరదు. మేము అంటున్నది ఒకటే: బండి దారిలో నడవాలి, గెడ్డలో దిగకూడదు. దిగే చోటుకు ముందే రాళ్లు అడ్డం పెట్టి, అక్కడి నుంచి మన కుర్రాళ్లే నడిపించి తీసుకెళ్లొచ్చు. బండి నడిపే అన్నకీ పని ఉంటుంది, ఇంకో నలుగురికీ పని వస్తుంది. ఆ అన్నతో ఇదే మాట అంటే, "అందరం ఒప్పుకుంటే నాకేటి, నేనొక్కణ్ణే ఆపితే నా గిరాకీ పక్కోడికి పోద్ది" అన్నాడు. నిజమే. అందుకే ఇది ఒక్కడి చేతిలో పని కాదు, ఊరు తియ్యాల్సిన తీర్మానం.

మన ఊళ్లలోనే కొందరు బ్లీచింగ్ పౌడర్ కలిపి చేపలు పడుతున్నారు. ఒక పూట కూర కోసం పిల్ల చేపతో సహా మొత్తం పోతుంది. బయటివాళ్లని అడిగే ముందు ఇది మానిపించాలి. లేకపోతే మన మాటకి విలువ ఉండదు.

జీపు కంటే పెద్దది ప్రాజెక్టు. మత్స్యగెడ్డ నీరే కిందికి పోయి మాచ్‌ఖండ్ అవుతుంది, తర్వాత సీలేరు, ఆ తర్వాత శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. ఆ నీటి మీద జోలాపుట్టు డ్యామ్ కట్టి, 1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు తియ్యడం మొదలుపెట్టారు. మొత్తం 120 మెగావాట్లు. తీగలు మన కొండల మీదుగానే మైదానానికి వెళ్లాయి. మన ఊళ్లలో చాలావాటికి బల్బు వెలగడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. మా తాతలు కిరసనాయిలు దీపంతోనే ముసలివాళ్లయ్యారు.

ఇప్పుడు పంప్డ్ స్టోరేజ్ అంటున్నారు. అనంతగిరి మండలం పెదకోట దగ్గర 1000 మెగావాట్ల ప్రాజెక్టుకు 2022 డిసెంబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం ఒప్పుకుంది. గుజ్జిలి, చిట్టంవలస పేర్లు కూడా వినిపిస్తున్నాయి. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుందాం. కొండ పైన ఒక చెరువు, కింద ఒక చెరువు, మధ్యలో సొరంగం. కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీటిని పైకి తోడతారు, సాయంత్రం అవసరం పడినప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు. తోడడానికి అయ్యే కరెంటు కంటే వచ్చే కరెంటు తక్కువే. అయినా సోలార్ కరెంటుని దాచుకోవడానికి ఇది కావాలి అంటారు. ఆ అవసరం అబద్ధం అని మేము అనం. కానీ చెరువు కింద ఎవరి పల్లం మునుగుతుంది? సొరంగం కోసం బాంబులు పేల్చితే ఏ ఊట దారి మారుతుంది? తవ్విన మట్టి ఏ గెడ్డలో పడుతుంది? ఈ మూడు ప్రశ్నలకి ఊరి మధ్యలో నిలబడి, మనకి అర్థమయ్యే భాషలో జవాబు చెప్పాలి. చెప్పేదాకా సంతకం అడగకూడదు.

సంతకం అనగానే మాకు ఇంటి సంగతి గుర్తొస్తుంది. మాలో ఒకరి ఊరికి కొలతలు వేసేవాళ్లు వచ్చి వెళ్లారు. ఒక కాగితం మీద వేలిముద్రలు తీసుకున్నారు. అది దేనికి అని ఫోన్లో అడిగితే, "ఏటో నాయనా, అందరూ వేశారని నేనూ వేశాను" అంది అమ్మ. ఆ రోజు రాత్రి మా గదిలో ఎవరూ సరిగ్గా తినలేదు. ఆ కాగితం చదవగలిగిన పిల్లలందరం ఇక్కడ హాస్టళ్లలో ఉన్నాం. చదవలేని అమ్మానాన్నలు అక్కడ ఉన్నారు.

అందుకే చట్టం తెలుసుకోవాలి. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రాజెక్టు కోసం భూమి తీసుకునే ముందు గ్రామసభని సంప్రదించాలి. గ్రామసభ అంటే సర్పంచ్ ఇల్లు కాదు. ఓటరు లిస్టులో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే. 18 నిండి పేరుంటే మనమూ సభ్యులమే! 2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 5, నీటి వనరుల్నీ వాటి పరివాహక ప్రాంతాల్నీ కాపాడే అధికారం గ్రామసభకి ఇచ్చింది. అదే చట్టం నీటిలో చేపల మీద ఉమ్మడి హక్కుని కూడా గుర్తించింది. అంటే గెడ్డలో బండి దింపొద్దు, మందు కలపొద్దు అని ఊరు తీర్మానం చేస్తే దాని వెనక చట్టం ఉంది.

ఇవి కాగితం మీద మాటలే అనుకోవద్దు. అనంతగిరి మండలం నిమ్మలపాడులో కాల్సైట్ గనుల మీద మొదలైన గొడవే సమతా కేసు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ గనుల లీజుకి ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. 2013లో పక్కనే ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు కూర్చొని బాక్సైట్ వద్దన్నాయి. 12కి 12. ఆ కొండ ఇంకా అక్కడే ఉంది.

మేము అనుకున్నవి రాస్తున్నాం, మీరూ ఆలోచించండి.

ఒకటి, ఈసారి సెలవులకి వెళ్లినప్పుడు మీ ఊరి గెడ్డ పేరు, ఊటలు ఎక్కడున్నాయి, ఏ చేపలు ఉన్నాయి, ఏవి కనబడడం మానేశాయి అని ముసలివాళ్లని అడిగి నోటు పుస్తకంలో రాయండి. చేపల పేర్లు మన భాషలోనే రాయండి, కువి అయినా, ఆదివాసీ ఒడియా అయినా సరే. రేపు ఎవరైనా "ఇక్కడేమీ లేదు" అని రిపోర్టు రాస్తే చూపించడానికి ఉంటుంది.

రెండు, గ్రామసభ ఎప్పుడు పెడుతున్నారో ముందే కనుక్కోండి. బస్సు చార్జీలు లేకపోతే నలుగురం వేసుకుని ఒక్కరినైనా పంపుదాం.

మూడు, మనం చదివి చెప్పేదాకా ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యొద్దని ఇంట్లో చెప్పండి. ఫోటో తీసి పంపమనండి. రాత్రి ఎంతైనా సరే, చదివి చెప్దాం.

మత్స్యగుండంలో చేపకి మన పెద్దలు ఒక గుండమంత చోటు ఇచ్చారు. దాన్ని గెడ్డంత పొడవు చెయ్యడం మన వంతు. మీ ఊరి గెడ్డ పేరు ఏంటో రాయండి. ముందు ఆ లిస్టు తయారు చేద్దాం.

జోహార్.